ఉద్యానవ్యాపారమునందు ఆధునిక దాస్య నివారణము

గృహములకును సంస్థలకును తోటలను రూపొందించుట, వానిని పోషించుట, నడవలను ముంగిళ్లను రాళ్లతో పరచుట, నారు, విత్తనము, మట్టి, కుండీలు, పనిముట్లు మొదలగువానిని విక్రయించుట అను వృత్తుల సముదాయము ఉద్యానవ్యాపారము. ఈ వ్యాపారమునందును, దానికి వస్తువులను సమకూర్చు సరఫరా గొలుసునందును మనుష్యులు అప్పుచేతనో, వంచనచేతనో, భయముచేతనో కట్టుబడి, విడిచిపోవు స్వేచ్ఛ లేక పనిచేయు స్థితి ఏర్పడకుండ కాచుటయు, అట్టి స్థితి ఏర్పడినచో దానిని కనిపెట్టి బాధితునకు పరిహారము కల్పించుటయు ఆధునిక దాస్య నివారణములో చేరును. ఈ రంగమున ఇంతవరకు వెలువడిన ఉదంతములలో మనుష్యుని పనికి కట్టివేసిన సాధనము చాలవరకు ముందుగా పుచ్చుకొన్న బయానా, లేదా ఉద్యోగము కొరకు దళారికి చెల్లించిన అప్పు సొమ్ము. కావున నివారణ ప్రయత్నములు చాలవరకు తుదకు ఆ అప్పు ఎవరు చేసిరి, ఎందులకు చేసిరి, ఎవరు తీర్చుచున్నారు అను విచారణకు చేరుకొనుచున్నవి.

ఈ వ్యాసమున బ్రిటన్‌లోని ఉద్యానవ్యాపారము ప్రధానోదాహరణముగా గ్రహింపబడినది. ఈ విషయమున ప్రత్యేక శాసనము అచ్చట 2015 నుండి కలదు. అచ్చటి ముంగిళ్లలో పరచు రాయి, కుండీలలో నింపు కొబ్బరిపొట్టు భారతదేశమునుండియు పోవుచున్నవి. తెలుగు జిల్లాలకును ఈ విషయముతో గల సంబంధము అల్పమైనది కాదు.

నిర్వచనము, పరిభాష

(చూ. నిర్బంధ శ్రమ, ఋణదాస్యము, మనుష్యుల అక్రమ రవాణా)

ఆధునిక దాస్యమను పేరున కొన్ని భిన్నమైన నేరములు కలిపి వ్యవహరింపబడుచున్నవి. నానాజాతి సమితి 1926లో ఆమోదించిన ఒడంబడిక ప్రకారము ఒక మనుష్యునిపై మరియొకడు స్వామ్యహక్కులవంటి అధికారములను అన్నింటినిగాని కొన్నింటినిగాని చెలాయించు స్థితి బానిసత్వము. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో చేసిన 29వ ఒడంబడిక ప్రకారము ఏదేని దండనభయముచే, స్వచ్ఛందముగా ముందుకురాని మనుష్యునిచేత చేయించుకొను పని నిర్బంధ శ్రమ. అప్పునకు హామీగా తన శ్రమను కుదువపెట్టినవాడు చేసిన పనియొక్క న్యాయమైన విలువ ఆ అప్పులో చెల్లుకాకున్నను, ఆ పనికి కాలపరిమితి, స్వరూపము నిర్ణయము కాకున్నను, అది ఋణదాస్యమని 1956 నాటి అనుబంధ ఒడంబడిక నిర్వచించెను. మనుష్యుల అక్రమ రవాణాకు 2000 సంవత్సరపు పలెర్మో ప్రోటోకాల్ ఆధారము; బాలుర విషయమున వంచనగాని బలాత్కారముగాని జరిగినట్లు రుజువుచేయ నవసరము లేదని అందు కలదు.

అల్పవేతనము, దీర్ఘమైన పనిగంటలు, అసౌకర్యమైన వసతి స్వయముగా దాస్యము కావు. అవి కార్మికశాసనముల ఉల్లంఘనలు. పని విడిచిపోవుటకు అడ్డు ఏర్పడినప్పుడు అవి నిర్బంధ శ్రమగా మారును. కాని భారత సర్వోన్నత న్యాయస్థానము 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణకార్మికుల వ్యాజ్యమున, కనీసవేతనముకంటె తక్కువ కూలికి పనిచేయవలసి వచ్చుట రాజ్యాంగముయొక్క 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే యని తీర్పుచెప్పెను. ఆకలి, పేదరికము కూడ బలప్రయోగములే యను ఈ తీర్పు తక్కిన దేశముల నిర్వచనములకంటె విస్తృతమైనది. భారతదేశమునుండి సరకు తెప్పించుకొను వర్తకుడు తన దేశపు నిర్వచనముతోనే తృప్తిపడరాదనుటకు ఇది చాలిన కారణము.

2021 సంవత్సరమునకు అంతర్జాతీయ కార్మిక సంస్థ తదితర సంస్థలు వేసిన అంచనా ప్రకారము ప్రపంచమున 4 కోట్ల 96 లక్షలమంది ఆధునిక దాస్యమున నుండిరి. వారిలో 2 కోట్ల 76 లక్షలమంది నిర్బంధ శ్రమలోను, తక్కినవారు బలవంతపు వివాహములలోను ఉన్నవారు.

చారిత్రక భూమిక

(చూ. ఒప్పందకూలీల వలస, వెట్టిచాకిరి, భగేలా)

బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వ నిర్మూలన శాసనము 1833లో వెలువడి 1834 ఆగస్టు 1 నుండి అమలునకు వచ్చినను, విముక్తులైనవారు అప్రెంటిసుల పేర 1838 వరకు పూర్వయజమానుల కొలువుననే ఉండవలసివచ్చెను. వారి స్థానమును నింపుటకై చెరకుతోటల యజమానులు భారతీయులను ఒప్పందముపై కొనిపోవ నారంభించిరి. 1834లో మారిషస్‌కు మొదలైన ఆ వలస 1860లో నాటాలునకు ప్రాకెను. ఆ యేట నవంబరు 16న డర్బన్ రేవు చేరిన ట్రూరో నౌక మద్రాసునుండి బయలుదేరినదే. తెలుగువారు మారిషస్, నాటాలు, ఫిజీ తోటలకు ఒప్పందముపై వెడలిరి. బర్మాలోని ధాన్యపు మిల్లులకును రేవులకును బయానా ఇచ్చి కూలీలను తోడ్కొనిపోయిన మేస్త్రీల వెంట కోరంగి, విశాఖపట్టణము తీరములనుండి వెడలిరి. బయానా పుచ్చుకొని పని మానిన కూలీని మేజిస్ట్రేటు జైలుకు పంపవచ్చునను 1859 నాటి శాసనము 1925 వరకు రద్దు కాలేదు. తోటల యజమాని, వాని దళారి, ముందుగా చేతిలో పెట్టిన సొమ్ము అను మూడింటి కూర్పు ఇంత ప్రాచీనమైనది. నేటి ఉద్యానవ్యాపారమున కాన్పించు నిర్బంధమును దీనికి భిన్నమైన కొత్త వ్యాధియని భావించుట చరిత్రకు విరుద్ధము.

భారతదేశమున 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన శాసనము దేశమందలి నానాప్రాంతముల కట్టుకూలి పద్ధతులను పేరుపేరున నిషేధించెను. ఆ జాబితాలో జీత, భగేలా, పాలేరు, వెట్టి అను పేళ్లుండుట తెలుగు పాఠకుడు గమనింపదగినది. నైజాము రాజ్యమున భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు 1936లోనే ఒక నిబంధన వెలువడినను, ఆచారము దానిని లెక్కచేయక మరి కొన్ని దశాబ్దములు నిలిచెను.

బ్రిటన్‌లో పొలములకును పండ్లతోటలకును విదేశీయులను ఋతుకాలమునకు రప్పించుకొను పథకము 1945 నుండి 2013 వరకు సాగెను. 2004 ఫిబ్రవరి 5వ తేది రాత్రి ఉత్తర ఇంగ్లండులోని మోర్‌కాంబ్ అఖాతమున గుల్లలేరుచున్న చైనాదేశపు కూలీలలో కనీసము 21 మంది పోటునీటిలో మునిగి మరణించిరి. ఆ యేటనే గ్యాంగుమాస్టర్ల అనుమతి శాసనము ఆమోదింపబడి, వ్యవసాయము, గుల్లల సేకరణ, ఆహారపదార్థముల ప్యాకింగు రంగములకు కూలీలను సరఫరాచేయువారు లైసెన్సు పొందవలెనను నియమము ఏర్పడెను. నిర్బంధ శ్రమను ప్రత్యేక నేరముగా 2009 నాటి శాసనము గుర్తించినది. ఈ నేరములన్నింటిని ఒకచోట చేర్చిన ఆధునిక దాస్య శాసనము 2015 మార్చి 26న రాజామోదము పొందెను.

ప్రమాదస్థానములు

ఈ వృత్తిలో నిర్బంధము చొరబడుటకు అనువైన లక్షణములు అనేకములు కలవు. పని ఋతువును బట్టి పెరుగును, తరుగును. వసంతమున చేతులు చాలవు, శీతకాలమున పని ఉండదు. వ్యాపారసంస్థలు చాలవరకు చిన్నవి. ఒకరు పుచ్చుకొన్న పనిని మరియొకరికి, వారు వేరొకరికి అప్పగించుట పరిపాటి. పనిచోటు నేడొక ఇంట, రేపొక ఇంట నుండుటచే తనిఖీ అధికారి రాక అరుదు. కూలి నగదుగా చెల్లుట, వసతి పనియిచ్చువాడే చూపుట ఇందుకు తోడగుచున్నవి.

ముంగిళ్ల పని. 2011 సెప్టెంబరులో బెడ్‌ఫోర్డ్‌షైర్ జిల్లాలోని ఒక క్యారవాన్ స్థావరముపై పోలీసులు దాడిచేసి ఇరువదిమందికి పైగా పురుషులను వెలికి తెచ్చిరి. వారిలో పలువురు గూడులేనివారు, తాగుడునకు లోబడినవారు. ఉచిత భోజనశాలలవద్ద వారిని పలుకరించి, దినవేతనము, తిండి, వసతి ఆశచూపి తోడ్కొనిపోయి, ఇండ్ల ముంగిళ్లలో ఇటుకలును రాళ్లును పరచు పనిలో పెట్టి, కూలి ముట్టచెప్పకుండ ఉంచినట్లు 2012లో న్యాయస్థానమున రుజువయ్యెను. చౌకగా పని జరుగుచున్నదని సంతసించిన గృహస్థులు ఆ మనుష్యులను దినమంతయు కన్నులెదుటనే చూచియుందురు. ఈ రంగమున దాస్యము చీకటిగదులలో మాత్రమే నివసింపదనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదంతము లేదు.

ఋతుకూలీలు. ఐరోపా సమాఖ్యనుండి విడివడు కాలమున బ్రిటన్ 2019లో 2,500 మందితో ఋతుకూలీల వీసాను తిరిగి ప్రారంభించి, 2021 నాటికి ఆ సంఖ్యను 30,000కు పెంచి, అనంతరము పూలసాగును కూడ అందు చేర్చెను. ఆరు నెలల ఈ వీసా కూలీని నియమిత సంస్థలకు కట్టివేయును. నేపాలు, ఇండొనీసియా, మధ్యాసియా దేశములనుండి వచ్చినవారిలో కొందరు స్వదేశపు దళారులకు పెద్ద మొత్తములు చెల్లించి వచ్చినట్లు 2022లో బయటపడెను. వచ్చిన తరువాత పని కొరవడి పంటకాలము సగములో ముగిసినచో ఆ అప్పు తీరదు. అప్పు తీరనివాడు ఎట్టి నిబంధనలకైనను తలయొగ్గును. వారమునకు కనీసము 32 గంటల పనికి వేతన మీయవలెనని 2023లో విధింపబడిన నియమము ఈ బాధకు కొంత ఉపశమనము.

రాయి. సరఫరా గొలుసులోని వస్తువులన్నింటిలో దీర్ఘ పరిశీలనకు అర్హమైనది రాయి. 1990ల అనంతరము బ్రిటిషు తోటలలో భారతీయ ఇసుకరాయి విశేషముగా వ్యాపించినది. రాజస్థాన్‌లోని కోట, బూందీ ప్రాంతముల గనులనుండి తీసిన పలకలు గుజరాతు రేవులమీదుగా వెడలును. గని కార్మికుడు యజమానివద్దనో మేస్త్రీవద్దనో పేష్గీ పుచ్చుకొనును; పెండ్లికో, వైద్యమునకో తీసికొన్న ఆ సొమ్ము కూలిలో మినహాయింపునకు వచ్చుచు, వానకాలమున పని నిలిచినప్పుడు తిరిగి పెరుగుచు, ఏండ్ల తరబడి నిలుచును. వేరొక గనికి మారదలచినవాడు తొలుత ఆ బాకీ తీర్చవలెను. కొత్త యజమాని దానిని తీర్చి, తన లెక్కలో వ్రాసికొనును. అట్లు మనుష్యుడు చేతులు మారినను అప్పు మారదు.

బూందీ జిల్లాలోని బుధ్‌పురా గ్రామమున గనుల వ్యర్థశిలలను సుత్తెలతో కొట్టి ఘనాకారపు చిన్నరాళ్లుగా మలచుపని ఇండ్లముంగిళ్లలోనే సాగును. కూలి రాయికింత యని లెక్క. అందుచే స్త్రీలును పిల్లలును దానికి కూర్చుండిరి. ఆ రాళ్లు బెల్జియము, నెదర్లండ్స్, బ్రిటన్ దేశముల వీధులలోను ముంగిళ్లలోను పరచబడినవి. కార్ఖానాను తనిఖీ చేసినవాడు ఈ ఇండ్లవైపు పోడు; కార్ఖానా పుస్తకములలో ఈ చేతుల పేరు లేదు. ఇసుకరాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను మానని వ్యాధిని కలిగించును. కుటుంబపు పెద్ద ఆ వ్యాధిచే పడిపోయినప్పుడు అతని బాకీని భార్యయో కుమారుడో తలకెత్తుకొనుటచే రోగము, ఋణము ఒకదానిని మరియొకటి పోషించుచున్నవి. రాజస్థాన్ ప్రభుత్వము 2019లో ఈ వ్యాధిగ్రస్తులకు ధనసహాయమిచ్చు విధానమును ప్రకటించెను. రాతిరంగములో కొనుగోలుదారులు, ప్రభుత్వములు, కార్మికసంఘములు కలిసి నడుచుకొనుటకు నెదర్లండ్స్, ఫ్లాండర్స్‌లలో అదే యేట ట్రూస్టోన్ అను ఒప్పందము కుదిరినది.

విత్తనము. సంకరజాతి విత్తనోత్పత్తిలో మొగ్గదశలోనే పుప్పొడితిత్తులను చేతితో తొలగించి, మరునాడు వేరొక మొక్క పుప్పొడిని అద్దవలెను. నెలల తరబడి సాగు ఈ పనికి బాలికల చిన్నివేళ్లు అనువైనవను సాకుతో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రత్తివిత్తనపు పొలములలో తల్లిదండ్రులకు బయానా ఇచ్చి పిల్లలను కుదుర్చుకొను పద్ధతి 1990లలో ప్రబలెను. పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు ఆ స్థితిని ఏండ్ల తరబడి పరిశీలించి ప్రకటించెను. విత్తనసంస్థ ఆర్గనైజరు అను మధ్యవర్తి ద్వారా రైతునకిచ్చు ధర పెద్దలకు చట్టబద్ధమైన కూలి చెల్లించుటకు చాలదను అంశము ఆ అధ్యయనములలో ప్రముఖమైనది. అనంతరము కొన్ని సంస్థలు బాలశ్రమ లేని పొలములకు అదనపు ధర ఇచ్చు పద్ధతి అవలంబించినవి. ఇవి ప్రత్తికి సంబంధించిన విషయములే యైనను, టమాటా, మిరప, బెండ మొదలగు పెరటితోటల సంకరవిత్తనములు కూడ ఇట్టి చేతిపనిచేతనే తయారగుచున్నందున ఉద్యానవర్తకుడు ఈ ప్రశ్నను తప్పించుకొనజాలడు.

ఇతర వస్తువులు. మలేసియాలో రబ్బరు చేతితొడుగుల కర్మాగారములలో వలసకార్మికులు ఉద్యోగము కొరకు చెల్లించిన రుసుముల భారముచే కట్టుబడినట్లు తెలిసి అమెరికా 2020లో ఒక పెద్ద సంస్థ సరకును నిలిపివేయగా, ఆ సంస్థ రుసుములను కార్మికులకు తిరిగి చెల్లించిన పిమ్మట 2021లో నిషేధము తొలగెను. తోటలలో వెలుగు సౌరదీపములకు మూలమైన పాలీసిలికాన్ విషయమున చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతముపై ఆరోపణలు కలవు. ఇటుకలు, మట్టికుండీలు, కొబ్బరిపొట్టు, వెదురుకర్రలు ఒక్కొక్కటి తనకు తగిన విచారణను కోరును.

నిర్బంధమును గుర్తించు లక్షణములు

అంతర్జాతీయ కార్మిక సంస్థ పదునొకండు సూచికలను పేర్కొన్నది. నిస్సహాయతను వాడుకొనుట, వంచన, కదలికలపై అడ్డు, ఏకాంతమున నుంచుట, హింస, బెదిరింపు, గుర్తింపుపత్రములను అట్టిపెట్టుకొనుట, కూలి నిలుపుట, ఋణదాస్యము, దుర్భరమైన పని వసతి పరిస్థితులు, మితిమీరిన పనిగంటలు అందు చేరినవి. కొన్ని సందర్భములలో ఒక్క సూచికయే నిర్బంధమును తెలుపవచ్చును; పెక్కు సందర్భములలో ఒక్కటి చాలదు. రెండు మూడు కలిసి కాన్పించినప్పుడు విచారణ ఆవశ్యకము. ఉద్యానవృత్తిలో ఇవి పొందు రూపములు సామాన్యమైనవి: ఒకే చిరునామా వ్రాయు పలువురు కూలీలు, అనేకుల వేతనము చేరు ఒకే బ్యాంకు ఖాతా, ప్రశ్న అడిగినప్పుడు కూలీ బదులు మేస్త్రీ చెప్పు సమాధానము, చలికాలమున తగిన బూట్లును కోటును లేనివాడు, పాస్‌పోర్టు ఎక్కడనున్నదో చెప్పలేనివాడు.

శాసనములు

(చూ. సర్వోన్నత న్యాయస్థానము, వలసకార్మికులు)

బ్రిటన్ శాసనముయొక్క ఒకటవ, రెండవ విభాగముల ప్రకారము దాస్యము, నిర్బంధ శ్రమ, మనుష్యుల రవాణా నేరములకు యావజ్జీవ కారాగారము వరకు శిక్ష కలదు. ఇందు సంస్థ పరిమాణముతో పనిలేదు. 54వ విభాగము మాత్రము వార్షిక వ్యాపారము 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించిన సంస్థలు తమ గొలుసులో దాస్యము లేకుండుటకు తీసికొన్న చర్యలను ప్రతి సంవత్సరము ప్రకటింపవలెనని విధించుచున్నది. ఆ ప్రకటనను పాలకమండలి ఆమోదించి, డైరెక్టరు సంతకము చేయవలెను. ఏ చర్యయు తీసికొనలేదని ప్రకటించినను శాసనమునకు లోపము రాదు. ప్రకటింపనివానికి జరిమానా లేదు. తోటపని సంస్థలలో అత్యధికము ఆ పరిమితికి ఎంతయో దిగువనున్నవి. అయినను పెద్ద నిర్మాణసంస్థలు, పురపాలకసంఘములు తమ ఒప్పందములద్వారా వానిని అదే ప్రశ్నలు అడుగుచున్నవి. గ్యాంగుమాస్టర్ల అనుమతి శాసనములోని వ్యవసాయ నిర్వచనమున నర్సరీ భూములు, కూరగాయతోటలు చేరినవి. ఇంటితోట సంరక్షణ, ముంగిలి పరచుట దాని పరిధిలోనికి రాలేదు. ప్రమాదము అధికమైన పనికే లైసెన్సు రక్షణ లేకపోవుట ఈ శాసనమునందలి స్పష్టమైన వెలితి. ఉద్యోగార్థినుండి రుసుము పుచ్చుకొనుట 1973 నాటి శాసనముచే నిషిద్ధము.

భారత శాసనము మరియొక మార్గమున పోవును. 1976 శాసనముచే వెట్టికి మూలమైన అప్పు రద్దగును. అప్పు వెట్టికి సంబంధించినది కాదని రుజువుచేయు భారము అప్పిచ్చినవానిపై నుండును. విముక్తి బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుది. 2016 నాటి పునరావాస పథకము పురుషునకు లక్ష రూపాయలు, స్త్రీలకును బాలలకును రెండు లక్షలు, అతిదారుణ సందర్భములలో మూడు లక్షలు నిర్ణయించినది. ఆస్ట్రేలియా 2018లో బ్రిటన్‌ను పోలిన శాసనము చేయగా, ఫ్రాన్సు 2017లోను, జర్మనీ 2021లోను కేవల ప్రకటనతో తృప్తిపడక విచారణ బాధ్యతను విధించినవి.

నివారణ పద్ధతులు

గొలుసును ఎరుగుట. వర్తకుడు తొలుత చేయవలసినది తాను కొను ప్రతి వస్తువు ఎచ్చటిదో కనుగొనుట. రాతి విషయమున ఎగుమతిదారుని పేరు తెలిసినంతమాత్రమున చాలదు. అతని సరకుదొడ్డిలో పలు గనుల పలకలు కలిసిపోవును. ఏ గని, ఎవరి కౌలు, ఏ మేస్త్రీ, పలక అంచులను ఎవరు చెక్కిరి అను సంగతులు తెలిసినప్పుడే విచారణ అర్థవంతమగును. అన్ని వస్తువులను ఒకేసారి శోధించుట చిన్నసంస్థకు అసాధ్యము. అట్టిది రాయి, కూలీల సరఫరా అను రెండింటితో ఆరంభించుట యుక్తము.

నియామకము. ఉద్యోగము చూపు ప్రైవేటు ఏజెన్సీలు కూలీనుండి రుసుమునుగాని వ్యయమునుగాని పుచ్చుకొనరాదను సూత్రము అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో చేసిన 181వ ఒడంబడికలో కలదు. ఆచరణలో దీని యర్థము, కూలీ రాగానే అతని భాషలో, మేస్త్రీ లేనిచోట, ఇచ్చటికి వచ్చుటకు నీవు ఎవరికెంత ఇచ్చితివని అడుగుట. అట్లు తేలిన మొత్తమును సంస్థ తిరిగి చెల్లించినప్పుడు బంధము తెగును. ఒప్పందపత్రము కూలీకి తెలిసిన భాషలోను, వేతనము అతని సొంతఖాతాలోను, పాస్‌పోర్టు అతని చేతిలోను ఉండవలెను.

కొనుగోలు. ధర తగ్గింపుమనుచు, గడువు కుదించుచు, ఆపై దాస్యము వలదని లేఖ వ్రాయు వర్తకుడు తన ఒక చేతితో చేసినదానిని మరియొక చేతితో చెరుపుచున్నాడు. చదరపు మీటరు రాయికి పట్టు పనిగంటలను స్థానిక కనీసవేతనముతో గుణించి, రవాణా, తరుగు చేర్చి చూచినచో ధర చట్టబద్ధమైన కూలిని భరింపగలదా లేదా అనునది తేటపడును. వసంతపు సరకును శరత్కాలముననే ఆర్డరు పెట్టుట, ముందుగా కొంత పైకము చెల్లించుట, అదే సరఫరాదారుతో అనేక వత్సరములు నిలుచుట అను మూడును ఖర్చులేని నివారణోపాయములు. కర్నూలు, మహబూబ్‌నగర్ పొలముల అనుభవము ధరకును బాలశ్రమకును గల సంబంధమును చూపినది.

తనిఖీ. ముందుగా తెలియజేసి వచ్చు తనిఖీ కార్ఖానాలోని పుస్తకములను మాత్రమే చూచును; కూలీలకు ముందే పాఠము చెప్పియుందురు. స్థానిక కార్మికసంఘములు, స్వచ్ఛందసంస్థలు, గ్రామములోని స్త్రీలు తెలుపు సంగతులకు ఎక్కువ విలువ కలదు. కూలీ నిర్భయముగా ఫిర్యాదు చేయగల ఏర్పాటు లేనిచోట తనిఖీపత్రము వట్టి కాగితము.

నిర్బంధము బయటపడినప్పుడు. అనుమానము కలిగిన మేస్త్రీని నిలదీయుట ప్రమాదకరము. అతడు మనుష్యులను రాత్రికి రాత్రి తరలించును. బ్రిటన్‌లో పోలీసులకో, లైసెన్సు అధికారులకో, బాధితుల సహాయవాణికో తెలుపవలెను. 2009 నుండి బాధితులను గుర్తించి ఆశ్రయమిచ్చు జాతీయ యంత్రాంగము కలదు, వయోజనులను వారి సమ్మతితోనే అందు చేర్చుదురు. విదేశపు గనిలో తప్పు తేలినప్పుడు వెంటనే కొనుగోలు మాని చేతులు కడుగుకొనుట సులభము. దానివలన కూలీ బాకీ తీరదు, పని మాత్రము పోవును. బాకీ రద్దుచేయించుట, నిలిచిన కూలి ఇప్పించుట, పిల్లను బడికి పంపి ఆ ఇంటి పెద్దలకు చాలిన కూలి కల్పించుట, ఇవియన్నియు గడువులోపల జరుగనిచో అప్పుడు సంబంధము త్రెంచుకొనుట అను క్రమమును ఐక్యరాజ్యసమితి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రముల తాత్పర్యము సమర్థించుచున్నది.

తెలుగునాటితో సంబంధము

(చూ. పాలమూరు కూలీలు; గల్ఫు వలసలు)

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రాష్ట్రములలోని గ్రానైటు గనులపై హైదరాబాదులోని గ్లోకల్ రీసెర్చ్, నెదర్లండ్స్‌లోని ఇండియా కమిటీ కలిసి 2017లో ప్రకటించిన అధ్యయనమున బయానా అప్పులచే కట్టుబడిన దినకూలీలు అనేక గనులలో కాన్పించిరి. వీరిలో పెక్కురు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారు. ఒడిషా పశ్చిమజిల్లాలనుండి దాదన్ పేర బయానా పుచ్చుకొని కుటుంబములతో తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చువారి స్థితియు ఇట్టిదే. మహబూబ్‌నగర్ జిల్లాలో గుంపుమేస్త్రీ పెట్టుబడిపై దేశమంతట ఆనకట్టలకును కాలువలకును తరలిన పాలమూరు కూలీల చరిత్ర ఇందుకు పూర్వరంగము. ఇట్టి వలసకూలీలను రక్షించు ఉద్దేశముతో 1979లో అంతర్రాష్ట్ర వలసకార్మిక శాసనము వచ్చెను.

జగిత్యాల, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాలవారు గల్ఫు నగరములకు పలువిధములైన పనులపై పోవుచున్నారు. ఎడారిలో నగరముల పచ్చదనమును పోషించు తోటపని వానిలో ఒకటి. వీసాను కఫీల్ అను పూచీదారుడైన యజమాని చేతిలో పెట్టిన పద్ధతి, పాస్‌పోర్టు అట్టిపెట్టుకొను ఆచారము, ఏజెంటునకు వడ్డీకి తెచ్చి కట్టిన సొమ్ము వారిని ఋణదాస్యపు అంచున నిలుపుచున్నవి. 1983 నాటి వలసల శాసనము రిజిస్టరైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుమును పరిమితము చేసినది. కాని సబ్‌ఏజెంటు పుచ్చుకొనునది రసీదులేని సొమ్ము. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వసంస్థలు దళారి లేకుండ ఉద్యోగము చూపుటకై వెలసినవి.

పరిమితులు, వివాదాంశములు

ప్రకటన విధించు శాసనముల ఫలితముపై ఏకాభిప్రాయము లేదు. బ్రిటన్‌లో 2019లో జరిగిన స్వతంత్ర సమీక్ష, ప్రకటింపవలసిన సంస్థలలో సుమారు 40 శాతము ఆ విధిని పాటించుటలేదని పేర్కొని, శిక్షలు విధింపవలెనని సిఫారసు చేసెను. ప్రకటనల రిజిస్టరు 2021లో తెరువబడినను, దానిలో చేరుట ఐచ్ఛికము. ప్రకటనలు వృద్ధియైనంత వేగముగ బాకీలు రద్దగుటకు ఆధారము కాన్పించదు.

ఐరోపా సమాఖ్య 2024లో చేసిన నిబంధన ప్రకారము 2027 డిసెంబరు 14 నుండి నిర్బంధ శ్రమచే తయారైన వస్తువులు ఆ విపణిలో ప్రవేశింపరాదు. దీనిని సమర్థించువారు, వర్తకుని లాభమునకు భంగము కలిగినప్పుడే గని యజమాని పద్ధతి మారునని వాదించుదురు. మలేసియా చేతితొడుగుల ఉదంతము వారికి బలము. సంశయించువారు, ఒక పెద్ద కర్మాగారమునకు చెల్లిన ఉపాయము వేలకొలది ఇండ్లముంగిళ్లలో చెదరియున్న రాతిపనికి చెల్లదనియు, కొనుగోలుదారు భయపడి ఇసుకరాయిని మాని యంత్రనిర్మితమైన పోర్సిలిన్ పలకలకు మరలినచో బుధ్‌పురాలోని కూలీకి బాకీయు సిలికోసిసును మిగిలి కూలి పోవుననియు చెప్పుదురు. రెండు పక్షములును ఒప్పుకొను విషయ మొకటి కలదు: నిషేధమునకు ముందే బాకీల రద్దు, వైద్యము, చాలిన కూలి సమకూర్చు బాధ్యత ఏండ్ల తరబడి ఆ రాతిపై లాభమార్జించిన వర్తకులపై నున్నది. ఆ వ్యయములో ఎవరి వాటా ఎంతయను నిర్ణయము ఇంకను జరుగవలసియున్నది.